హైదరాబాదు అష్రఫీ

హైదరాబాదు అష్రఫీ అనునది ఆసఫ్ జాహీ పాలకుల కాలంలో హైదరాబాదు సంస్థానపు టంకశాలలో ముద్రింపబడిన బంగారు నాణెము. 20వ శతాబ్దపు అష్రఫీలపై ఒకవైపు చార్మినారు బొమ్మ ఉండును. ఈ నాణెములు హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలలోని కొన్ని పాత కుటుంబాల వద్ద నేటికీ కలవు. కొన్ని విడి నాణెములుగా ఉండగా, మరికొన్ని కాసులపేరులోనో, పతకంగానో ఆభరణ రూపం పొందినవి.

ప్రతి అష్రఫీకి రెండు విలువలు కలవు. మొదటిది అందులోని బంగారపు విలువ. దీనిని త్రాసు తేల్చును. రెండవది నాణెంగా దానికి గల విలువ. ఇది దాని సంవత్సరమును, రకమును, స్థితిని చదివినచో గాని తెలియదు. మొదటి విలువ కరిగించిన తరువాత కూడ మిగులును. రెండవది ఒకసారి పోయినచో తిరిగి రాదు. అష్రఫీని గుర్తించుట, విలువ కట్టుట, భద్రపరచుట గురించి ఈ వ్యాసంలో వివరింపబడినది.

పేరు

అష్రఫీ అను పేరు ఈజిప్టును పాలించిన మమ్లూకు సుల్తాను అష్రఫ్ బర్స్‌బే (పాలన 1422-1438) ముద్రించిన బంగారు నాణెం నుండి వచ్చినది. పారశీక భాష వాడుకలో గల దేశాలన్నింటికి ఈ పేరు వ్యాపించినది. మొగలుల బంగారు నాణెమును మొహరు అందురు. పారశీకంలో 'ముహర్' అనగా ముద్ర. హైదరాబాదులో అష్రఫీ, మొహరు అను రెండు పేర్లూ వాడుకలో ఉండెడివి. తెలుగు దేశంలో అంతకు పూర్వం ప్రసిద్ధమైన బంగారు నాణెములు మాడ, గద్యాణము, వరహా.

చరిత్ర

ఆసఫ్ జాహీ వంశం 1724లో స్వతంత్ర పాలన ప్రారంభించినను, నాణెములపై మాత్రం మొగలు చక్రవర్తి పేరే కొనసాగినది. నిజాములు తమ పేరుకు బదులు ఒక్కొక్క అక్షరమును గుర్తుగా వేయించిరి. సికిందర్ జా కాలపు నాణెములపై 'సీన్', నాసిరుద్దౌలా కాలపు నాణెములపై 'నూన్' అను అక్షరములు కనిపించును.

1857 తిరుగుబాటు తరువాత ఢిల్లీలో మొగలు చక్రవర్తి పదవి అంతరించినది. అప్పటి నిజాం అఫ్జలుద్దౌలా (పాలన 1857-1869) చక్రవర్తి పేరును తొలగించి, 'నిజాముల్ముల్క్ ఆసఫ్ జా బహాదూర్' అను బిరుదును నాణెములపై వేయించెను. అప్పటి నుండి నాణెములపై 92 అను అంకె కూడ కనిపించును. అరబ్బీ అక్షరములకు గల సంఖ్యా విలువల ప్రకారం 'ముహమ్మద్' అను పేరులోని అక్షరముల మొత్తం 92 అగును (40+8+40+4).

హైదరాబాదు టంకశాల 1803లో సికిందర్ జా కాలంలో స్థాపింపబడినది. మొదట నాణెములు చేతితో, సుత్తిదెబ్బతో ముద్రింపబడెడివి. అందువలన అచ్చు కంటె బిళ్ళ చిన్నదై, రాతలో కొంత భాగం మాత్రమే నాణెంపై పడెడిది. 1895 ప్రాంతంలో యంత్రములు వచ్చినవి. ఈ యంత్రపు నాణెములను 'చర్ఖీ' నాణెములని పిలిచిరి. 1903లో టంకశాల సైఫాబాదులోని కొత్త భవనమునకు మారినది. అదే కాలంలో (హిజ్రీ 1321) ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పాలనలో చార్మినారు బొమ్మ గల నాణెములు వెలువడసాగినవి. ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో (1911 నుండి) అదే నమూనా కొనసాగినది.

1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో విలీనమైనది. 1950లో టంకశాల భారత ప్రభుత్వ అధీనంలోనికి వచ్చినది. 1997లో అది చర్లపల్లికి తరలినది. హైదరాబాదు రూపాయి 1950ల చివరి వరకు భారత రూపాయితో పాటు చెల్లుబాటై, 1959లో రద్దయినది.

సికింద్రాబాదులో రెండు నాణెముల వాడుక

సికింద్రాబాదు 1806లో సికిందర్ జా పేరు మీదుగా ఏర్పడిన బ్రిటిషు సైనిక స్థావరం. హుసేన్ సాగరుకు ఒకవైపు నిజాం రూపాయి, రెండవవైపు కంటోన్మెంటులో బ్రిటిషు ఇండియా రూపాయి ప్రధానముగా ఉండెడివి. మొదటిదానిని హాలీ సిక్కా అనియు, రెండవదానిని కల్దారు అనియు అనెడివారు. నూరు కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ సిక్కా మారకపు రేటు. అనగా 6 కల్దార్లకు 7 హాలీ రూపాయలు.

ఈ కారణం చేత సికింద్రాబాదు కుటుంబాల పెట్టెలలో దొరకు బంగారు నాణెములన్నియు అష్రఫీలు కావు. బ్రిటిషు సవరనులు, ఈస్టిండియా కంపెనీ మొహరులు కూడ వాటిలో ఉండవచ్చును. బొంబాయిలో 1918లో మాత్రమే సవరనులు ముద్రింపబడినవి. వాటిపై 'ఐ' అను ఆంగ్లాక్షరం చిన్నదిగా ఉండును. అదే సంవత్సరం 15 రూపాయల బంగారు నాణెము కూడ బొంబాయిలో వెలువడినది. గుర్తించుటకు సులభమైన మార్గమొకటి కలదు. రాజు లేక రాణి తల, ఆంగ్ల అక్షరములు ఉన్నచో అది బ్రిటిషు నాణెము. అష్రఫీపై మనిషి బొమ్మ గాని, ఆంగ్లాక్షరం గాని ఉండదు. సంస్థానపు కాగితపు నోట్లపై తెలుగు ఉన్నను, అష్రఫీపై తెలుగు అక్షరము కూడ లేదు. ఉన్నదంతయు పారశీక లిపియే.

చలామణీ తీరు

వెండి రూపాయి వలె అష్రఫీ సంతలో సరుకు కొనుటకు వాడబడినది కాదు. దానికి ఇన్ని రూపాయలను స్థిరమైన ధర లేదు. బంగారపు బజారు ధరను బట్టి దాని ధర మారెడిది. దర్బారులో నిజాముకు సమర్పించు నజరానాలోను, పెళ్ళిళ్ళలో కానుకగాను, ఇంటిలో నిల్వ సొమ్ముగాను అష్రఫీ ఉపయోగపడెడిది. చేతులు మారుట తక్కువ కనుక అరుగుదల లేని అష్రఫీలు నేటికీ కనిపించును. అయితే నిల్వ సొమ్ము కనుకనే, అవసరం వచ్చినప్పుడు మొదట కరిగినది కూడ అష్రఫీయే.

రకములు, తూకములు

యంత్రముపై ముద్రింపబడిన అష్రఫీలు నాలుగు పరిమాణములలో కలవు. వీటి బంగారపు స్వచ్ఛత వెయ్యికి 910 పాళ్ళు.

* పూర్తి అష్రఫీ: 11.178 గ్రాములు, అందులో మేలిమి బంగారం సుమారు 10.17 గ్రాములు
* అర అష్రఫీ: 5.589 గ్రాములు, మేలిమి సుమారు 5.09 గ్రాములు
* పావు అష్రఫీ: 2.794 గ్రాములు, మేలిమి సుమారు 2.54 గ్రాములు
* అరపావు (ఎనిమిదవ వంతు) అష్రఫీ: సుమారు 1.4 గ్రాములు, మేలిమి సుమారు 1.27 గ్రాములు

పోల్చి చూచుటకు: కంపెనీ మొహరు తూకం 11.66 గ్రాములు, మేలిమి సుమారు 10.69 గ్రాములు. సవరను తూకం 7.988 గ్రాములు, మేలిమి సుమారు 7.32 గ్రాములు. కోస్తా జిల్లాలలో కాసు బంగారం అనగా 8 గ్రాములని లెక్కించుట ఈ సవరను తూకం నుండి వచ్చినదే.

ఇక్కడ తులముతో కలుగు పొరపాటును గమనింపవలెను. పాత తులం 11.664 గ్రాములు. నేడు జంటనగరాల బంగారు దుకాణాలలో తులం అనగా 10 గ్రాములు. అష్రఫీ ఈ రెండింటి నడుమ ఉన్నది. ఇంటిలో పెద్దలు 'తులం నాణెము' అని చెప్పుచు వచ్చిన అష్రఫీని నేటి తులంగా లెక్కించినచో గ్రాముకు పైగా బంగారం లెక్కలో తప్పిపోవును. కనుక గ్రాములలో, రెండు దశాంశ స్థానముల వరకు తూచుట ఉత్తమము.

నాణెమును చదువుట

చార్మినారు నమూనా నాణెమును పారశీకం రానివారు కూడ కొంతవరకు చదువవచ్చును.

బొమ్మ వైపు: మధ్యలో చార్మినారు, చుట్టూ నిజాం బిరుదు, హిజ్రీ సంవత్సరం ఉండును. చార్మినారు ద్వారములో ఒక చిన్న అక్షరం కలదు. అది 'మీమ్' అయినచో మహబూబ్ అలీ ఖాన్ కాలపు నాణెము. 'ఐన్' అయినచో ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు నాణెము. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి సంవత్సరాల నాణెములలో ఈ 'ఐన్' అక్షరం పొట్టిగా ఉన్నవి, పూర్తిగా ఉన్నవి అని రెండు రకములు కలవు. సేకర్తలు ఇట్టి భేదములను వేరు రకములుగా లెక్కింతురు.

రాత వైపు: నాణెపు విలువ, పాలన సంవత్సరం, టంకశాల పేరు ఉండును. టంకశాల పేరు 'ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్' అని ఉండును. శుభమైన పునాది గల హైదరాబాదు అని దాని అర్థము.

అంకెలు: పారశీక అంకెలు తెలుగు పుస్తకాలలోని అంకెల వలెనే ఎడమ నుండి కుడికి చదువబడును. ఒకటి నిలువు గీత, సున్న చుక్క, ఐదు తలక్రిందులైన హృదయాకారం. హిజ్రీ సంవత్సరం చాంద్రమానం కనుక సూర్యమాన సంవత్సరం కంటె సుమారు 11 రోజులు తక్కువ. క్రీస్తు శకమునకు మార్చుటకు హిజ్రీ సంఖ్యను 0.97తో గుణించి 622 కలుపవలెను. ఉదాహరణకు 1329ని 0.97తో గుణించగా 1289.13 వచ్చును. దానికి 622 కలిపినచో 1911 అగును. అది మహబూబ్ అలీ ఖాన్ మరణించి ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన సంవత్సరం. ఆ ఒక్క సంవత్సరం నాణెములో ద్వారంలోని అక్షరం చూడనిదే ఏ నిజాం కాలమో చెప్పుట సాధ్యం కాదు.

విలువ కట్టుట

లోహపు విలువ: తూకమును 0.910తో గుణించి, వచ్చిన దానిని ఆనాటి 24 క్యారట్ల గ్రాము ధరతో గుణించవలెను. లెక్క సులభమగుటకు గ్రాము ధర 1000 రూపాయలని అనుకొనినచో పూర్తి అష్రఫీ లోహపు విలువ సుమారు 10,170 రూపాయలగును. ఇది నాణెమునకు కనీస విలువ. దుకాణదారు పాత బంగారం కింద తీసుకొనునప్పుడు తరుగు తీసివేయును గనుక ఇంతకంటె తక్కువ ఇచ్చును. నాణెంగానే అమ్మునప్పుడు కరిగించుట ఉండదు కనుక తరుగు ప్రసక్తి లేదు.

సేకరణ విలువ: ఇది అరుదుతనం, స్థితి, గిరాకీ అను మూడింటిపై ఆధారపడును. ఎక్కువగా దొరకు సంవత్సరపు నాణెము, అందునా గీతలు పడినది, లోహపు విలువకు కొద్దిగా మాత్రమే ఎక్కువ పలుకవచ్చును. అరుదైన సంవత్సరపు మంచి నాణెము దానికి అనేక రెట్లు పలుకవచ్చును. ఈ రెండింటికీ త్రాసులో తేడా ఉండదు. ప్రపంచ నాణెముల పట్టికలలో సంవత్సరవారీగా ఇచ్చిన ధరలు దారి చూపుటకే ఉపయోగపడును. ముంబయి, బెంగుళూరు, అహమ్మదాబాదు నగరాలలో జరుగు నాణెముల వేలములలో అదే రకమునకు, అదే స్థితికి పలికిన ధర అంతకంటె నమ్మదగినది.

అరుదుతనం ఎట్లు ఏర్పడును

ఎన్ని నాణెములు ముద్రింపబడినవి అను దాని కంటె ఎన్ని మిగిలినవి అనునదే ముఖ్యము. దీనికి అమెరికా తొలినాటి బంగారు నాణెములు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1792 చట్టం ప్రకారం అమెరికా టంకశాల 1795 నుండి బంగారు నాణెములు ముద్రించెను. 5 డాలర్ల నాణెము తూకం 8.75 గ్రాములు, స్వచ్ఛత 22 క్యారట్లు. ఆ దేశపు చట్టం బంగారమును వెండికి 15 రెట్లుగా లెక్కగట్టినది. ఐరోపాలో బంగారపు ధర అంతకంటె ఎక్కువ. కనుక 5 డాలర్ల నాణెములోని బంగారం 5 డాలర్ల కంటె ఎక్కువ పలికినది. వర్తకులు వాటిని ఓడలలో ఐరోపాకు పంపి కరిగించిరి. 1834లో చట్టం మార్చి నాణెములోని బంగారమును తగ్గించిన తరువాత, మిగిలిన పాత నాణెములు కూడ చాలవరకు కరిగిపోయినవి. 1822 సంవత్సరమున 17,796 ఐదు డాలర్ల నాణెములు ముద్రింపబడగా, నేడు తెలిసినవి మూడు మాత్రమే. రెండు వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థలో ఉన్నవి. మూడవది 2021లో వేలంలో 84 లక్షల డాలర్లు పలికినది.

భారతదేశంలోను ఇట్టి కరిగింపులు జరిగినవి. 1931 సెప్టెంబరులో బ్రిటను బంగారు ప్రమాణమును విడిచిన తరువాత రూపాయలలో బంగారపు ధర పెరిగినది. ఆర్థిక మాంద్యంలో చిక్కుకొన్న కుటుంబాలు బంగారమును అమ్ముకొనగా, అది పెద్ద ఎత్తున దేశం దాటిపోయినది. బంగారపు ధర పెరిగిన ప్రతిసారి పాత నాణెములు మూసలోకి పోవుట నేటికీ ఆగలేదు. సాధారణ నాణెమునకు సేకరణ విలువ లోహపు విలువ కంటె కొద్దిగానే ఎక్కువ కనుక, ధర పెరిగినప్పుడు కరిగించుటలో నష్టం లేదనిపించును. కాని సంవత్సరమును చదువకుండ కరిగించువారికి తమ చేతిలోనిది సాధారణమైనదో, అరుదైనదో తెలియు అవకాశమే ఉండదు.

స్థితి

నాణెముల స్థితిని కొలుచుటకు అమెరికను సేకర్త విలియం షెల్డను 1949లో ప్రతిపాదించిన 1 నుండి 70 వరకు గల కొలమానం నేడు ప్రపంచమంతట వాడుకలో ఉన్నది. 60 మొదలు ఆపై అంకెలు చలామణీలో అరుగని నాణెములకు ఇవ్వబడును. అష్రఫీలో మొదట అరుగునది చార్మినారు మీనారుల పైభాగం, తరువాత ద్వారంలోని అక్షరం. కనుక ఆ రెండు చోట్లను భూతద్దంతో పరిశీలింపవలెను.

మన ప్రాంతంలో అష్రఫీలకు కలిగిన అతి సాధారణమైన లోపం అరుగుదల కాదు, టంకము. హారంలో గుచ్చుటకు అంచున ఉంగరం అతికించినప్పుడు అక్కడి గంట్లు కరిగిపోవును. ఉంగరం తీసివేసినను మచ్చ మిగులును. రంధ్రం చేసిన నాణెమునకు, టంకము పడిన నాణెమునకు సేకరణ విలువ బాగుగా తగ్గును. అయినను ఆభరణంగా తరతరాలు వచ్చిన కాసులపేరును విడదీయుట వలన లాభం లేదు. హారంగానే దానికి విలువ కలదు.

నకిలీలు, పరీక్ష

అష్రఫీ విషయంలో ఒక ప్రత్యేకమైన మోసమునకు అవకాశం ఉన్నది. హైదరాబాదు వెండి రూపాయి తూకం కూడ 11.178 గ్రాములే. దానిపై కూడ అదే చార్మినారు బొమ్మ ఉండును. కనుక బంగారు పూత పూసిన రూపాయి త్రాసులో అష్రఫీతో సరితూగును. దీనిని మూడు విధముల కనుగొనవచ్చును. ఒకటి, వెండి తేలిక లోహం కనుక అదే తూకమునకు రూపాయి పెద్దదిగా ఉండును. రెండు, రాత వైపున విలువ తెలుపు మాట వేరు. మూడు, సాంద్రత పరీక్ష.

సాంద్రత పరీక్ష నాణెమునకు హాని చేయదు. నాణెమును మొదట గాలిలో తూచి, పిమ్మట సన్నని దారంతో నీటిలో వ్రేలాడదీసి తూచవలెను. గాలిలోని తూకమును, నీటిలో తగ్గిన తూకంతో భాగించినచో సాంద్రత వచ్చును. 22 క్యారట్ల ప్రాంతపు బంగారమునకు ఇది సుమారు 17.5-17.8 ఉండును. పూర్తి అష్రఫీ నీటిలో సుమారు 0.63 గ్రాములు మాత్రమే తగ్గును. పూత పూసిన రూపాయి 1 గ్రాముకు పైగా తగ్గును.

గీటురాయిపై నాణెమును గీయరాదు. గీత చెరగదు. స్వచ్ఛత తెలియవలెనన్నచో ఎక్సురే కిరణములతో లోహమును పరీక్షించు యంత్రములున్న కేంద్రములలో చూపవచ్చును. ఇందులో నాణెము చెక్కుచెదరదు. పోత పోసిన నకిలీలలో అక్షరముల అంచులు మొద్దుబారి, ఉపరితలంపై సన్నని రంధ్రములు కనిపించును.

భద్రపరచుట

* నాణెమును అంచుల వద్ద మాత్రమే పట్టుకొనవలెను.
* చింతపండు, కుంకుడు రసం, పళ్ళపొడి, పాలిషు మొదలగు వాటితో తోమరాదు. తోమిన నాణెము మెరయును గాని, దాని సహజమైన పైపొర పోవును. అనుభవం గల సేకర్త దానిని చూడగానే గుర్తుపట్టును.
* ఒక్కొక్క నాణెమును విడిగా ఉంచవలెను. బంగారం మెత్తనిది కనుక ఒకదానితో ఒకటి ఒరిసికొన్నచో గీతలు పడును.
* నాణెముతో పాటు వచ్చిన పాత సంచి, చీటీ, పద్దు కాగితం ఉన్నచో పారవేయరాదు. అవి నాణెపు పూర్వాపరములకు ఆధారములు.
* రెండు వైపుల ఛాయాచిత్రములు తీసి, తూకం, సంవత్సరం వ్రాసి ఉంచుకొనుట మేలు. సికింద్రాబాదు జనరల్ బజారు, పాట్ మార్కెట్టు వంటి చోట్ల దుకాణమునకు తీసికొనిపోవుటకు ముందే ఈ వివరములు చేతిలో ఉన్నచో, బేరం తూకంతో ఆగిపోదు.

చట్టము

పురావస్తువులు, కళానిధుల చట్టం (1972) ప్రకారం నూరు సంవత్సరములు నిండిన నాణెము పురావస్తువు. అట్టి వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించుట నిషిద్ధం. వాటితో వ్యాపారం చేయువారికి లైసెన్సు అవసరం. మహబూబ్ అలీ ఖాన్ అష్రఫీలన్నియు ఈ పరిధిలోనికి వచ్చినవి. ఉస్మాన్ అలీ ఖాన్ నాణెములు ఏడాదికేడాదిగా వచ్చి చేరుచున్నవి. విదేశాలలో ఉన్న పిల్లలకు కానుకగా అష్రఫీని పంపదలచినవారు, వెంట తీసికొనిపోదలచినవారు సంవత్సరమును ముందుగా చూచుకొనవలెను.

భూమిలో దొరికిన నాణెములకు 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం వర్తించును. 10 రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికినచో జిల్లా కలెక్టరుకు తెలియజేయవలెను.

దేశం దాటిన నాణెమును తిరిగి రప్పించుట ఎంత కష్టమో తెలుపు ఉదంతం ఒకటి కలదు. జహంగీరు చక్రవర్తి 1613లో ఆగ్రాలో ముద్రింపజేసిన వెయ్యి తులాల మొహరు, సుమారు 12 కిలోల బరువు గలది, ఆసఫ్ జాహీ వంశీయుల వద్ద ఉన్నదని ప్రతీతి. అది 1987లో జెనీవాలో వేలమునకు వచ్చినదని తెలిసి భారత ప్రభుత్వం దర్యాప్తు జరిపించినది. ఆ నాణెము తిరిగి రాలేదు.

చూడదగిన ప్రదేశములు

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో శాతవాహనుల నుండి ఆసఫ్ జాహీల వరకు గల నాణెముల పెద్ద సేకరణ ఉన్నది. సైఫాబాదులోని పాత టంకశాలలో 2022లో నాణెముల ప్రదర్శనశాల ఏర్పాటైనది. తమ ఇంటిలోని నాణెమును గుర్తుపట్టదలచినవారికి ఇట్టి చోట్ల అసలు నాణెములను కంటితో చూచుట ఏ పుస్తకం కంటెను ఎక్కువ ఉపయోగకరము.

ఇవి కూడా చూడండి

* ఆసఫ్ జాహీ వంశము
* హైదరాబాదు రూపాయి
* చార్మినారు
* వరహా
* కాసులపేరు
* సికింద్రాబాదు